ఉపకులపతి జీతం వ్యక్తిగత సమాచారమా? ఏమి అడగాలి, ఎలా అడగాలి

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న మీరు, ఉపకులపతికీ, రెక్టరుకూ, రిజిస్ట్రారుకూ గత మూడేళ్లలో చెల్లించిన జీతభత్యాల వివరాలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే, ‘ఇది వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము’ అని ఒక్క వాక్యంలో తిప్పి పంపారు. అది సరైన జవాబేనా అన్నది మొదటిది. పెద్ద పదవుల్లో ఉన్నవారి జీతాలను పేర్లతో సహా బయట పెడితే అసూయ పెరగడం తప్ప ఒరిగేదేమిటని మీ సహాధ్యాయి అడిగారని రాశారు, అది రెండోది. మొదటిదానికి జవాబు చట్టంలో దొరుకుతుంది. రెండోదానికి జవాబు చెప్పాలంటే విశ్వవిద్యాలయంలో పే బిల్లు, అంటే నెలనెలా జీతాలు చెల్లించే పత్రం, ఎలా తయారవుతుందో కొంత వివరించాలి.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆర్థిక విభాగంలో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ చేశాను, చివరి కొన్నేళ్లు ఆ విభాగానికి పౌర సమాచార అధికారిగా కూడా ఉన్నాను. మీకు వచ్చినలాంటి తిరస్కరణ లేఖల మీద సంతకం పెట్టిన చేయి నాది కూడా. న్యాయవాదిని కాను కాబట్టి చట్టం గురించి చెప్పేది ఆ హోదాలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నదిగా తీసుకోండి.

2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(బి), ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తాను ప్రకటించవలసిన అంశాల పట్టిక. అందులోని పదో అంశం, సంస్థలో ప్రతి అధికారీ, ప్రతి ఉద్యోగీ అందుకునే నెలసరి వేతనాన్నీ, నిబంధనల ప్రకారం ఆ చెల్లింపును నిర్ణయించే పద్ధతినీ ప్రచురించమంటుంది. ‘ప్రతి’ అన్న మాట అక్కడ ఊరికే పడలేదు. అయినా చాలా విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ఆ పదో అంశం కింద వేతన శ్రేణుల పట్టిక ఒక్కటే కనిపిస్తుంది. ఏ హోదాకు ఏ శ్రేణి వర్తిస్తుందో చెప్పి, ఎవరికి ఎంత ముట్టిందో చెప్పకపోవడం, కొట్టు గోడ మీద ధరల పట్టిక చూపించి బిల్లు ఇచ్చేశానన్నట్టు ఉంటుంది.

ఇక 8(1)(జె) సంగతి. పాత రూపంలో ఈ మినహాయింపు వ్యక్తిగత సమాచారమన్న పేరు పెట్టినంత మాత్రాన వర్తించేది కాదు. ఆ సమాచారానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, అది బయటికి వస్తే ఒకరి ఆంతరంగిక జీవితంలోకి అకారణంగా చొరబడినట్టవుతుందనో అధికారి చూపించవలసి ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం కూడా దానికి తోడుగా ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తన సెక్షన్ 44(3) ద్వారా ఈ షరతులన్నిటినీ తీసివేసి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది ఇవ్వనక్కరలేదన్న ముక్క మాత్రం మిగిల్చింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. మీకు వచ్చిన జవాబు అంత పొట్టిగా ఉండడానికి కారణం అదే.

అయితే ఆ సవరణ సెక్షన్ 4ను ముట్టుకోలేదు. నెలసరి వేతనాన్ని ప్రచురించవలసిన బాధ్యత నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. తానే ప్రకటించవలసిన దానిని, ఎవరో అడిగారన్న కారణంగా సంస్థ రహస్యమనడం పొసగదు. డేటా పరిరక్షణ చట్టం కూడా, ఏదైనా చట్టం విధించిన బాధ్యత మేరకు బహిరంగపరచిన వ్యక్తిగత డేటాకు తాను వర్తించనని సెక్షన్ 3లోనే చెప్పుకొంది. వీటికి తోడు సెక్షన్ 8(2) చెక్కుచెదరలేదు. కాపాడవలసిన ప్రయోజనానికి కలిగే హాని కన్నా వెల్లడిలో ప్రజా ప్రయోజనం ఎక్కువని తేలితే, మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని అది అంటుంది. మీ తిరస్కరణ లేఖలో ఈ తూకం వేసిన జాడ లేదని మీరు పంపిన పాఠం చూస్తేనే తెలుస్తోంది.

ఇలాంటి లేఖల్లో తరచు ఉదహరించే తీర్పు ఒకటుంది. గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు ప్రధానంగా ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, క్రమశిక్షణ చర్యలు, ఆస్తులు, ఆదాయపు పన్ను రిటర్నుల గురించినది. అవి వ్యక్తిగతమని కోర్టు అన్నది నిజమే. దానిని ప్రభుత్వ ఖజానా నుంచి చెల్లించిన జీతానికి కూడా సాగదీయడం కార్యాలయాలకు అలవాటైపోయింది. ఆ అలవాటు నాకూ ఉండేది. పై అధికారి జీతం గురించి కింది అధికారి జవాబు రాయవలసి వచ్చినప్పుడు, చట్టంలో దొరికే ఏ కొమ్మనైనా పట్టుకోవాలనిపిస్తుంది. పౌర సమాచార అధికారిని ఉపకులపతి ఆజమాయిషీలోనే ఉంచిన ఏర్పాటులో ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది.

చట్టం అంతటితో ఆపి, మీరు అడిగిన అంకె ఎంత ఉంటుందో చూద్దాం. ఏడో వేతన సవరణలో ఉపకులపతికి నెలకు 2,10,000 రూపాయల స్థిర వేతనం నిర్ణయించారు, దాని మీద 11,250 రూపాయల ప్రత్యేక భత్యం ఉంటుంది. ఆచార్యుడి శ్రేణి 1,44,200 దగ్గర, సహాయ ఆచార్యుడి శ్రేణి 57,700 దగ్గర మొదలవుతాయి. కేంద్ర కరువు భత్యం 2024 జనవరిలో 50 శాతానికి చేరినప్పుడు, కేంద్ర విశ్వవిద్యాలయపు ఉపకులపతికి వేతనమూ కరువు భత్యమూ కలిపి 3,15,000 అయ్యాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కరువు భత్యం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి ఇంకొంత తక్కువ ఉంటుంది. ఈ అంకెలన్నీ ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఎవరికైనా దొరికేవే. కొత్తగా చేరిన సహాయ ఆచార్యుడి మూల వేతనానికి ఉపకులపతి వేతనం నాలుగు రెట్లు కూడా లేదు. ప్రైవేటు కంపెనీల లెక్కలు తెలిసినవారికి ఇది నవ్వు తెప్పించే నిష్పత్తి.

అందుచేత మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూల వేతనం గురించిన గోప్యత నన్నడిగితే అర్థం లేని గోప్యత. దాచవలసినంత పెద్ద అంకె కాదది, దాచినా దాగదు. మీ దరఖాస్తు కూడా ఆ అంకె చుట్టూనే తిరిగింది కాబట్టి, వారు ఇచ్చి ఉన్నా మీకు కొత్తగా తెలిసేది పెద్దగా ఉండేది కాదు. పైపదవుల వారికి చేరే డబ్బులో ప్రజలకు తెలియని భాగం వేతన శ్రేణికి బయట ఉంటుంది.

ఆ బయటి భాగం ఎక్కడెక్కడ ఉంటుందో ఒక్కొక్కటిగా చెబుతాను. విశ్వవిద్యాలయంలో ఒకే వ్యక్తి రెండు మూడు కుర్చీల్లో కూర్చోవడం మామూలు. రిజిస్ట్రారే ఒక కళాశాలకు ప్రిన్సిపాలుగానో, దూరవిద్యా కేంద్రానికి డైరెక్టరుగానో పూర్తి అదనపు బాధ్యత మీద ఉంటారు, దానికి అదనపు భత్యం ఉంటుంది. 2024లో తెలంగాణలోని పది విశ్వవిద్యాలయాలకు ఐదు నెలల పాటు ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి ఉపకులపతులుగా ఉన్నట్టుగా, బయటివారు ఆ కుర్చీలో కూర్చునే సందర్భాలూ ఉంటాయి. అటువంటప్పుడు వాహనం, సిబ్బంది వంటి సదుపాయాల ఖర్చు ఏ ఖాతాలో పడిందో వేతన శ్రేణి చూస్తే తెలియదు.

పరీక్షల విభాగంలో పారితోషికం అనే పద్దు మరొకటి. ప్రశ్నపత్రాల తయారీ, మూల్యాంకనం, పర్యవేక్షణ, ఫలితాల ప్రాసెసింగ్ వంటి పనులకు ఇచ్చే ఈ పారితోషికంలో పని చేసినవారికి న్యాయంగా దక్కేది చాలా వరకు ఉంటుంది. కానీ ప్రతి పరీక్షకూ ‘ముఖ్య పర్యవేక్షకులు’ అన్న పేరుతో, పరీక్ష హాలు గడప తొక్కని పైఅధికారులకు కూడా ఒక మొత్తం వెళ్లే ఆనవాయితీని నేను ఓచర్లలో చూశాను. ఒక్కో ఓచరు చిన్నదే. ఏడాదికి ఎన్ని పరీక్షలు జరుగుతాయో, దూరవిద్యలోనూ స్వయం ఆర్థిక కోర్సుల్లోనూ ఎన్ని విడతలుంటాయో లెక్కగడితే చిన్నది చిన్నదిగా ఉండదు. పైగా ఇది పే బిల్లులో రాదు, పరీక్షల ఖాతా నుంచి విడిగా వెళుతుంది. అందువల్ల ‘ఫలానావారి జీతమెంత’ అన్న ప్రశ్నకు ఆర్థిక విభాగం నిజాయితీగా ఇచ్చిన జవాబులో కూడా ఇది ఉండదు.

పింఛను చిక్కు ఇంకొకటి. పదవీ విరమణ చేసిన ఆచార్యుడిని ఉపకులపతిగా నియమించినప్పుడు ఆ స్థిర వేతనం నుంచి పింఛనును మినహాయించాలా, మినహాయిస్తే కమ్యుటేషన్‌కు (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకోవడానికి) ముందున్న పింఛనునా తరవాతి పింఛనునా అన్నది నేను పనిచేసిన చోట లెక్కల తనిఖీ వారు పదేపదే అభ్యంతరం రాసిన అంశం. ఉపకులపతి బంగళాలో విద్యుత్తు, తోట, వంటమనిషి ఖర్చు, రెండో కారు ఇంధనం, కుటుంబ సభ్యులు కలిసి వెళ్లిన విదేశీ ప్రయాణం, కన్సల్టెన్సీ ప్రాజెక్టుల మీద వచ్చే వాటా, అనుబంధ కళాశాలల తనిఖీ సంఘాల్లో కూర్చున్నందుకు వచ్చే మొత్తం, ఇవన్నీ వేర్వేరు పద్దుల్లో, వేర్వేరు బీరువాల్లో ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం నిబంధనల ప్రకారం చెల్లించినవే అయి ఉండవచ్చు. నిబంధన ఏదో, దానికి ఆమోదం ఎవరు ఇచ్చారో బయటివారికి తెలియకపోవడం గురించే నేను చెబుతున్నాను.

అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్నుల శాఖకు సమర్పించే ఫారం 990 చూసినప్పుడు, మన ఓచర్లు చూసినవాడెవడో దానిని తయారు చేశాడా అనిపించింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కూడా దీనిని నింపాలి, అడిగినవారికి చూపించాలి. దానికి అనుబంధమైన షెడ్యూల్ జె, పైస్థాయి వారి జీతాన్ని మూల వేతనం, బోనస్, వాయిదా వేసిన చెల్లింపులు, పన్ను పడని సదుపాయాలు అని విడదీసి అడగడమే కాక, మొదటి తరగతి విమాన ప్రయాణం ఇచ్చారా, తోడు వచ్చినవారి ప్రయాణ ఖర్చు భరించారా, నివాసం ఇచ్చారా, క్లబ్బు చందా కట్టారా, పనిమనిషి, డ్రైవరు, వంటమనిషి వంటి వ్యక్తిగత సేవలు సమకూర్చారా అని ఒక్కో గడి ఇచ్చి టిక్కు పెట్టమంటుంది. అంతేకాక, పది లక్షల డాలర్లు దాటిన జీతభత్యాల మీద 21 శాతం ఎక్సైజు పన్నును 2017 పన్ను చట్టం ఆ సంస్థల మీదే వేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జీతాలు అనేక రాష్ట్రాల్లో పేరు టైపు చేస్తే తెలిసిపోతాయి. వాటిలో అందరికన్నా పెద్ద జీతం అధ్యక్షుడిది కాక ఫుట్‌బాల్ కోచ్‌ది కావడం అక్కడ తరచు కనిపించే వింత. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. హెచ్1బి కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో రాసిన జీతం బహిరంగ సమాచారం కాబట్టి, ఏ విశ్వవిద్యాలయం ఏ ఉద్యోగానికి ఎంత ఇస్తోందో వెతికి చూసి, తమ ఆఫరు ఎక్కువో తక్కువో పోల్చుకోవడం అక్కడి మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య.

కానీ అంకె ప్రచురించినంత మాత్రాన పని జరగదని చూపించే ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. బాత్ విశ్వవిద్యాలయపు ఉపకులపతి గ్లినిస్ బ్రేక్‌వెల్ జీతభత్యాలు 2016-17 నాటికి 4,68,000 పౌండ్లకు చేరాయి. ఆ అంకె ఎవరో లాకరు పగలగొట్టి తెచ్చింది కాదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాల వార్షిక లెక్కల్లో అధిపతి జీతం ప్రతి ఏడూ అచ్చవుతూనే ఉంది. గొడవ పెరిగింది అంకె వల్ల కన్నా అది ఎలా నిర్ణయమైందో తెలిసినందువల్ల. జీతాలను నిర్ణయించే కమిటీలో ఆమె కూడా సభ్యురాలు, తన విషయం వచ్చినప్పుడు మాత్రం బయటికి వెళ్లేవారు. ఆ కమిటీని అభిశంసించాలని 2017 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ కోర్టు అనే సభలో ప్రవేశపెట్టిన తీర్మానం 30–33 ఓట్లతో వీగిపోయింది, ఆ ఓటింగులో ఉపకులపతీ కమిటీ సభ్యులూ కూడా పాల్గొన్నారు. మాజీ మంత్రి ఆండ్రూ అడోనిస్ ఫిర్యాదు మీద విచారణ జరిపిన అప్పటి నిధుల మండలి, ఆ సమావేశం నడిపిన తీరును 2017 నవంబరులో తప్పుపట్టింది. అదే నెలలో ఆమె తప్పుకుంటానని ప్రకటించారు. వెళ్లేటప్పుడు కూడా 2019 ఫిబ్రవరి దాకా పూర్తి జీతంతో సెలవు, 31,000 పౌండ్ల కారు రుణం మాఫీ ఏర్పాటులో భాగమని తెలిసి మళ్లీ దుమారం రేగింది.

ఆ గొడవ తరవాత, 2018 జూన్‌లో విశ్వవిద్యాలయ పాలక మండళ్ల అధ్యక్షుల సంఘం పైస్థాయి జీతాల మీద ఒక నియమావళి తెచ్చింది, తన జీతం నిర్ణయించే కమిటీలో అధిపతి సభ్యుడు కాకూడదన్నది అందులో ముఖ్యమైనది. కొత్తగా ఏర్పడిన నియంత్రణ సంస్థ, విద్యార్థుల కార్యాలయం అనే పేరు గలది, అధిపతి జీతానికీ సిబ్బంది మధ్యస్థ జీతానికీ (అందరి జీతాలనూ వరసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేదానికీ) ఉన్న నిష్పత్తిని, ఆ జీతం ఎందుకు సమంజసమో వివరణను, లక్ష పౌండ్లు దాటినవారి సంఖ్యను ఐదు వేల పౌండ్ల మెట్లుగా లెక్కల్లో చూపాలని ఆదేశించింది. అధిపతికి పేరుతో సహా పూర్తి వివరాలు, మిగతావారికి పేర్లు లేకుండా సంఖ్యలు మాత్రమే ఇచ్చే ఈ ఏర్పాటు, అందరి పేర్లూ కుమ్మరించే పద్ధతి కన్నా నాకు ఎక్కువ నచ్చింది.

అందరి పేర్లూ కుమ్మరించే పద్ధతికి కెనడాలోని ఒంటారియో ఉదాహరణ. అక్కడ 1996లో చేసిన చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాలతో సహా ప్రభుత్వ నిధులందుకునే సంస్థల్లో లక్ష డాలర్లు దాటినవారి పేరు, హోదా, జీతం, పన్ను పడే సదుపాయాల విలువ ప్రతి మార్చి చివరలోగా ప్రచురిస్తారు. దానికి ‘సన్‌షైన్ జాబితా’ అని వాడుక పేరు. మొదటి ఏడాది నాలుగున్నర వేల మంది ఉన్న ఆ జాబితాలో 2024 జీతాలకు 3,77,000 మందికి పైగా చేరారు, ఎందుకంటే లక్ష డాలర్ల గీతను ఈ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా జరపలేదు. ధరల పెరుగుదల ప్రకారం చూస్తే ఆనాటి లక్ష ఇప్పుడు సుమారు 1,80,000తో సమానం. పెద్ద జీతాల మీద వెలుగు పడాలని పెట్టిన జాబితాలో ఇప్పుడు బడిపంతుళ్లూ నర్సులూ నిండిపోయారు, చూడవలసిన కొద్దిమంది ఆ జనంలో కలిసిపోయారు. మన దగ్గర ఎప్పుడైనా ఇటువంటి జాబితా పెడితే గీతను రూపాయల్లో కాక హోదాతో గీయాలని నేననేది ఇందుకే.

మీ సహాధ్యాయి చెప్పిన అసూయ కల్పితం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ కార్డ్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి ఒక ప్రయోగం చేశారు. మూడు ప్రాంగణాల ఉద్యోగుల్లో కొందరిని ఎంపిక చేసి, జీతాలన్నీ ఒక వార్తాపత్రిక వెబ్‌సైటులో చూడవచ్చని వారికి మాత్రం ఉత్తరం పంపారు. తమ విభాగపు మధ్యస్థ జీతం కన్నా తక్కువ అందుకుంటున్నవారిలో సంతృప్తి తగ్గి, వేరే ఉద్యోగం వెతకాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ అందుకుంటున్నవారిలో మాత్రం మార్పేమీ రాలేదు. 2012లో వెలువడిన ఈ ఫలితాన్ని గోప్యత కోరేవారు తరచు చూపిస్తారు. అయితే కెనడా విశ్వవిద్యాలయాల అధ్యాపకుల జీతాల మీద మైకేల్ బేకర్ బృందం చేసిన పరిశీలనలో, వెల్లడి చట్టాలు వచ్చాక స్త్రీ పురుషుల జీతాల మధ్య తేడా సుమారు 20 నుంచి 40 శాతం దాకా తగ్గింది. తనకు తక్కువ ఇస్తున్నారని తెలిసి నొచ్చుకున్న మనిషిని అసూయపరుడనాలా, మోసపోయానని గ్రహించినవాడనాలా అన్నది ఆ తేడాకు కారణం ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. కారణం రాసి పెట్టే అలవాటు లేని చోట రెండూ ఒకేలా కనిపిస్తాయి. అమెరికా అధ్యాపకుల మీద ఓబ్లోయ్, జెంగర్ 2022లో ప్రచురించిన పరిశోధన మరొక చిక్కు చూపింది: వెల్లడి వల్ల అన్యాయమైన తేడాలు తగ్గాయి, దాంతో పాటు ప్రతిభకూ జీతానికీ ఉన్న ముడి కూడా కొంత సడలింది. మన వేతన శ్రేణుల్లో ఆ ముడి మొదటి నుంచీ వదులుగానే ఉంది కాబట్టి ఈ రెండో నష్టం మనకు అంతగా వర్తించదు.

మన దగ్గర నొప్పి వేరే చోట ఉంది. అతిథి అధ్యాపకులకు యూజీసీ 2019లో నిర్ణయించిన గరిష్ఠం పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000. ఆ గరిష్ఠం కూడా దక్కని వారు ఎందరున్నారో మీ విభాగంలోనే చూసి ఉంటారు. ఉపకులపతి జీతానికి పక్కన నిలబెట్టవలసిన అంకె అది. బ్రిటన్ వారు అడిగే నిష్పత్తిని మన విశ్వవిద్యాలయాలు కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులను కూడా కలుపుకొని లెక్కగట్టి ప్రకటిస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. హైదరాబాదులోని ఏ లిస్టెడ్ మందుల కంపెనీ అయినా కంపెనీల చట్టం సెక్షన్ 197(12) ప్రకారం తన డైరెక్టర్ల పారితోషికం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా రాయవలసిందే. వాటాదారుకు ఉన్న ఈ హక్కు ఫీజు కట్టే విద్యార్థికి లేదు.

నిజంగా పెద్ద జీతాలు ఉండేది ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో. అక్కడి ఉపకులపతి జీతం ఎంతన్నది సాధారణంగా యాజమాన్యానికీ వారికీ మాత్రమే తెలిసిన విషయం. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాయి. శాసనసభ చట్టంతో ఏర్పడిన సంస్థ కాబట్టి అది సెక్షన్ 2(హెచ్) కింద ప్రభుత్వ సంస్థేనని వాదించడానికి ఆస్కారముంది, యాజమాన్యాలు ఆ వాదనను గట్టిగా ఎదిరిస్తాయి. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులందుకునే ప్రైవేటు విద్యాసంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో వచ్చే డబ్బు ఆ ‘గణనీయ’ నిధి అవుతుందా అన్నది రెండు రాష్ట్రాల్లోనూ ఎవరైనా ఓపికగా తేల్చుకోవలసిన ప్రశ్న. ఈలోగా ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల విషయంలో ఒక దారి ఉంది: ఫీజుల నియంత్రణ కమిటీ ముందు అవి తమ జీతాల ఖర్చు చూపించే ఫీజు పెంపు కోరతాయి, ఆ కమిటీ మాత్రం నిస్సందేహంగా ప్రభుత్వ సంస్థే. ట్రస్టీలకూ వారి బంధువులకూ సమంజసమైన దానికి మించి జీతం చెల్లిస్తే పన్ను మినహాయింపు పోతుందని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 13 చెప్పింది కానీ, ఆ సంస్థల రిటర్నులు అమెరికా ఫారంలాగా బయటివారు చూసేవి కావు.

ఇక మీరు చేయవలసిన పని. పాత దరఖాస్తు మీద అప్పీలుకు వెళుతూనే, కొత్త దరఖాస్తును వేరేగా రాయండి. ‘జీతమెంత’ అని అడగవద్దు. ఫలానా హోదాలో ఉన్న వ్యక్తికి ఫలానా ఆర్థిక సంవత్సరంలో విశ్వవిద్యాలయపు అన్ని ఖాతాల నుంచి, అంటే జీతాల ఖాతా, పరీక్షల ఖాతా, దూరవిద్య, స్వయం ఆర్థిక కోర్సులు, కన్సల్టెన్సీ ఖాతాల నుంచి, చెల్లించిన మొత్తాలను పద్దుల వారీగా అడగండి. అదనపు బాధ్యతలకు సంబంధించిన ఉత్తర్వుల ప్రతులు, భత్యాలను ఆమోదించిన పాలక మండలి తీర్మానాల ప్రతులు, ఆ అంశాల మీద లెక్కల తనిఖీ అభ్యంతరాలూ వాటికి ఇచ్చిన జవాబులూ అడగండి. ‘ఎందుకు ఇచ్చారు’ అని అడిగితే, ఉన్న రికార్డు ఇవ్వడమే తప్ప కారణాలు సృష్టించి చెప్పే బాధ్యత మాకు లేదంటారు, ఆ మాటకు సుప్రీంకోర్టు తీర్పుల అండ ఉంది. అందుకు బదులు ఆ నిర్ణయానికి సంబంధించిన నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునే దస్త్రం) ప్రతి అడిగితే కారణం దానంతట అదే వస్తుంది, లేకపోతే లేదన్న సంగతైనా కాగితం మీదికి వస్తుంది.

స్థూల వేతనమే అడగండి, చేతికొచ్చే నికర వేతనం జోలికి పోవద్దు. జీతంలోంచి కోత పడే బీమా వాయిదా, బ్యాంకు రుణం, భవిష్య నిధి అప్పు, కోర్టు ఉత్తర్వు మీద భార్యకో తల్లిదండ్రులకో పంపే భరణం, ఇవన్నీ నిజంగానే ఆ మనిషి సొంత సంగతులు. పే స్లిప్పు నకలు కావాలని మీ మొదటి దరఖాస్తులో రాశారు చూడండి, మీ అప్పీలులో బలహీనమైన చోటు అదొక్కటే; ఆ అంశాన్ని మీరే వదులుకుంటున్నట్టు, పాన్, ఖాతా సంఖ్య, ఇంటి చిరునామా కొట్టివేసి ఇచ్చినా అభ్యంతరం లేదన్నట్టు రాస్తే, అవతలివారి చేతిలో ఉన్న ఒక్క మంచి కారణమూ పోతుంది.

అప్పీలులో సెక్షన్ 4(1)(బి)లోని పదో అంశం, 8(2), డేటా పరిరక్షణ చట్టం సెక్షన్ 3, ఈ మూడూ ప్రస్తావించండి. ప్రజా ప్రయోజనం ఏమిటన్నది ఊరికే ఆ మాట రాసి వదిలేయకుండా, ప్రభుత్వం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటు నిధుల మీద, విద్యార్థుల పరీక్ష ఫీజుల మీద నడిచే ఖాతాల గురించి అడుగుతున్నానని నాలుగు వాక్యాల్లో వివరించండి. మొదటి అప్పీలు మీద ముప్పై రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే నలభై ఐదు రోజుల్లో నిర్ణయం రావాలి. అక్కడా కాదంటే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టాలి, వెబ్‌సైటులో పదో అంశం సక్రమంగా లేదన్న దాని మీద సెక్షన్ 18 కింద ఫిర్యాదు వేరుగా పెట్టుకోవచ్చు. కమిషన్ దగ్గర ఓపిక కావాలి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేక కేసులు పేరుకుపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందుకే మొదటి అప్పీలునే జాగ్రత్తగా రాయమంటున్నాను. అప్పిలేట్ అధికారికి ఆడిట్ కాగితాల గురించి అడిగిన ప్రశ్న చూడగానే, అడిగిన మనిషికి పద్దుల సంగతి తెలుసని అర్థమవుతుంది, నా అనుభవంలో సగం సమాచారం ఆ దశలోనే బయటికి వచ్చేది.

తిరస్కరణ లేఖ మీకు అందిన రోజు నుంచి ముప్పై రోజులే గడువు. మీరు రాసిన తేదీ ప్రకారం అందులో పన్నెండు రోజులు ఇప్పటికే గడిచాయి, కాబట్టి కొత్త దరఖాస్తు వచ్చే వారం రాసుకున్నా సరే, అప్పీలు మాత్రం ఈ వారంలోనే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి.